వేలు ఎత్తకుండా నడవాలి: ఆకాశనౌకల కడుపులు గీసిన రోజులు

పోయిన నెల బెళ్ళందూరులో ఒక కంపెనీ వాళ్ళు నన్ను పిలిచారు. కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీ అది. పాతకాలంలో బొమ్మలు ఎలా గీసేవారో తమ దగ్గర పనిచేసే పిల్లలకు చెప్పమన్నారు. పాతకాలం అంటే నేనేనని అర్థమయ్యాక కొంచెం ఒళ్ళు మండింది గానీ, కారు పంపుతామన్నారు కాబట్టి వెళ్ళాను.

గోడంత తెర మీద వాళ్ళు గీసిన ఆకాశనౌకను చూపించారు. అబద్ధం ఎందుకు, కళ్ళు చెదిరాయి. ఉక్కు రేకు మీద వెలుగు పడితే అది ఉక్కులాగే ఉంది. అలాంటి ఉక్కును నేను జన్మలో గీయలేకపోయాను. మనసారా మెచ్చుకుని, ఆ తర్వాత ఒక ప్రశ్న అడిగాను. "ఇందులో ఉండేవాళ్ళు పడుకునేది ఎక్కడ?" అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అడగలేదు. ఒక అమ్మాయి మాత్రం నవ్వకుండా, "లోపల ఏమీ చెయ్యలేదు మేడమ్, బయటి నుంచి కనిపించేదే చేశాం" అంది.

ఆ అమ్మాయిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. డెబ్బైల చివరి నుంచి ఎనభైలు గడిచేదాకా నేను చేసిన పని ఒక్కటే. లేని ఆకాశనౌకల కడుపు కోసి, లోపల ఏముందో పిల్లలకు చూపించడం. మా పనిగదిలో వాటిని కోత బొమ్మలు అనేవాళ్ళం. ఆ పనిలో ప్రమోషన్లు లేవు కాబట్టి వాటి గురించి రాసే ఇబ్బంది నాకు లేదు.

పరీక్ష

మాది కబ్బన్‌పేటలో మగ్గాల ఇల్లు. డ్రాఫ్టింగ్ నేర్చుకుని, ఎవరో గీసిన యంత్రాల బొమ్మల మీద ట్రేసింగ్ కాగితం పరిచి దిద్దే పని చేస్తుండేదాన్ని. బళేపేటలో ఒక ప్రెస్సు వాళ్ళు కన్నడంలో, తెలుగులో పిల్లల మాసపత్రిక వేస్తున్నారనీ, బొమ్మలకు మనిషి కావాలనీ తెలిసి వెళ్ళాను. ప్రెస్సు మీద మేడగదిలో గోపాలప్పగారు కూర్చుని ఉన్నారు. విమానాల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి డ్రాయింగులు గీసి, బయటికి వచ్చేసిన మనిషి. కన్నడంలో గురువుగారిని పిలిచినట్టు అందరూ ఆయన్ని మేష్ట్రు అనేవారు.

నేను నా ట్రేసింగులు ముందు పెట్టాను. ఆయన వాటిని పక్కకు జరిపారు.

"ఇవన్నీ వేరేవాళ్ళ గీతలు గదమ్మా. నీది ఒకటి గియ్యి. మీ ఇల్లు గియ్యి. పైకప్పు ఎత్తేసి, లోపల చూసినట్ల."

నేను మా ఇల్లు గీశాను. నడవలో మగ్గం గుంట, గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేసిన మా నాయన, ఆయన ముందు నుంచి గోడదాకా బిగించిన పడుగు నూలు, వెనక వంటిల్లు. ఆయన చాలాసేపు చూశారు. చూసి, పడుగు మీద వేలు పెట్టారు.

"ఇది ఇట్ల అడ్డం ఉండాది గదా. మీ అవ్వ పెరట్లోకి ఎట్ల పోతాది?"

"పడుగు కింద వంగి పోతాది మేష్ట్రే."

"వంగే చోటు గీసినావా?"

"గీసినా. ఇదో, ఇక్కడ. గోడ మీద చెయ్యి ఆనించి ఆనించి నున్నగైపోయిన చోటు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "రేపట్నుంచి రా" అన్నారు. నా చదువు గురించి ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ ఆయన అడగలేదు.

వేలి నడక

మేష్ట్రు నేర్పిన పద్ధతి ఒక్కటే, దాని చుట్టూనే మిగతా అంతా. మామూలుగా అందరూ నౌక బయటి ఆకారం గీసి, దానికి ఒక కన్నం పెట్టి, ఆ కన్నంలో తోచినవన్నీ నింపుతారు. మేష్ట్రు దగ్గర పై రేకు ఆఖరున వస్తుంది. ముందు పడక, వంటిల్లు, స్నానాల గది, నీళ్ళు, గాలి, ఇంజను. ఒక్కొక్కటి ఒక్కో ట్రేసింగ్ కాగితం మీద గీసి, ఒకదాని మీద ఒకటి పరచాలి. చివరికి పై రేకు మూసేసేవే సగం ఉండేవి. ఎవరికీ కనపడని మెట్లకు కూడా ఎత్తు సరిచూసేవాళ్ళం.

అన్నీ కుదిరాక పరీక్ష ఉండేది. మేష్ట్రు తన చూపుడువేలు నౌక తలుపు దగ్గర ఆనించి, పైకి చెబుతూ నడిచేవారు. "తలుపు తీసినా. చెప్పులు ఇక్కడ విడిచినా. నిద్ర వస్తాంది, పడుకునేదానికి పోతాండా." వేలు కాగితం మీద నుంచి లేవకుండా పడక చేరాలి. పడక నుంచి వంటింటికి, అక్కడ నుంచి ఇంజను గదికి, ప్రమాదం వస్తే పారిపోయే చిన్న పడవకు. ఎక్కడైనా గోడ అడ్డం వచ్చి వేలు ఎత్తాల్సి వచ్చిందా, ఆ బొమ్మ మళ్ళీ మొదటికి వచ్చినట్టే. ఎన్ని మంచి కాగితాలు అలా పక్కన పెట్టేశామో. మొదట్లో నాకు ఏడుపు వచ్చేది. తర్వాత తర్వాత ఆయన చెప్పకముందే నా వేలు బొమ్మ మీదికి వెళ్ళిపోయేది.

మా పత్రికలో ధారావాహిక రాసేది మూర్తి సార్. కోలారు వైపు మనిషి, కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. ఆయన కథలోని నౌక పేరు పినాకిని. నంది కొండల్లో పుట్టిన నది పేరే పెట్టుకున్నారు. ప్రతి నెలా ఆ నౌకలో ఒక భాగాన్ని మేము కోసి చూపించాలి. నౌకలో మనుషులు తేలిపోకుండా నిలబడటానికి ఏదో యంత్రం పేరు చెప్పి ఆ గొడవ ఒక్క వాక్యంలో తీర్చేశారు గానీ, మేష్ట్రు దగ్గర అలాంటివి ప్రతిసారీ సాగేవి కావు. ఒక నెల కథలో నాయకుడు కన్ను మూసి తెరిచేలోగా ఇంజను గది చేరుకున్నాడు.

"ఎట్ల చేరినాడప్పా?" అన్నారు మేష్ట్రు. "నడుమ చెత్తగది ఉండాది. దాంట్లో దూరి పోయినాడా?"

"కథలో అదంతా ఎవురు చూస్తారు మేష్ట్రే. సుమ్నే, ఊరికే రాసినా."

"చదివే పిల్లోడు చూస్తాడు. పోయిన నెల బొమ్మ తీసి పక్కన పెట్టుకుని, వేలు పెట్టి చూస్తాడు."

మూర్తి సార్ గొణుక్కుంటూ వెళ్ళి తిరగరాసుకొచ్చారు. నాయకుడు నిజంగానే చెత్తగదిలో దూరి, ఒళ్ళంతా కంపుతో ఇంజను గదిలో ఊడిపడ్డాడు. పిల్లలకు అది ఎంత నచ్చిందంటే, తర్వాత నాలుగైదు సంచికల దాకా ఆ కంపు కథలోంచి పోలేదు. ఇందులో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. బొమ్మ ఒప్పుకోని చోట కథ దారి మార్చుకుంటే, ఆ కొత్త దారి మొదటిదానికంటే బాగుంటుంది. నేను పనిచేసినన్నాళ్ళూ ఇది తప్పుగా తేలలేదు.

శెట్రు

ప్రెస్సు యజమానిని శెట్రు అనేవాళ్ళం. ఆయన గురించి మేడ మీద మేము అనని మాట లేదు. ధారావాహిక ఒక్కసారైనా చదివిన పాపాన పోలేదు. మెట్లెక్కి వచ్చి బొమ్మ చూసి, "ఎర్ర లైట్లు స్వల్ప ఎక్కువ పెట్టండప్పా" అని దిగిపోయేవారు. మేష్ట్రు ఊరికే తలూపి, ఒక్క లైటు కూడా పెట్టేవారు కాదు. ఆలస్యమైతే మాత్రం శెట్రుకు ఓపిక ఉండేది కాదు. క్యాలెండర్లకు బొమ్మలు వేసే ఒక ఆర్టిస్టు ఆయనకు బాగా తెలుసు. మూడు రోజుల్లో ఎలాంటి నౌకనైనా వేసిచ్చేవాడు. "మీరు కాదంటే ఆయన ఉండాడు" అని శెట్రు మా చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవారు.

ఆ క్యాలెండర్ ఆర్టిస్టును నేను తీసిపారెయ్యను. చేతిలో మంచి రంగు ఉన్నవాడు. కానీ తెలియని చోటల్లా తీగలు గీసి నింపేవాడు. మీరు కూడా చేస్తారని నాకు తెలుసు, ఈ కాలంలో అది ఇంకా సులువు. తీగ గీస్తే దానికి ఒక మొదలు, ఒక చివర ఉండాలి. రెండూ చూపించలేకపోతే అక్కడ ఖాళీ వదిలెయ్యండి. ఖాళీ చోటు చూసి పిల్లవాడు ఏదో ఒకటి ఊహించుకుంటాడు. ఉత్తుత్తి తీగ చూస్తే మోసపోయానని అనుకుంటాడు.

చెయ్యి

ఎనభైల్లో శెట్రు ఒక మంచి మాట చెప్పారు. పినాకిని నౌక ఒక్కదాని మీదే పుస్తకం వేద్దామన్నారు. గట్టి అట్ట, నడుమ మడత విప్పితే బల్లంత అయ్యే పెద్ద బొమ్మ, నౌకలోని ప్రతి గదికీ ఒక పేజీ. ఆ మాట విని మేష్ట్రు ఆ రోజంతా పెన్సిళ్ళు చెక్కుతూనే ఉన్నారు. ఆయనకు సంతోషం వస్తే అలాగే ఉండేవారు.

పుస్తకం మొదలైన కొన్ని వారాలకు ఒక పొద్దున ఆయన బొమ్మలో నౌక నడవ గోడకు సిరా గీత లాగుతున్నారు. మేష్ట్రు గీత అంటే పడుగులో నూలు బిగించినట్టు ఉండేది. ఆ గీత సగం దాకా అలాగే వచ్చి, ఆ తర్వాత వణికింది. ఆయన కలం కింద పెట్టి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నారు. పట్టుకున్నా ఆ వేళ్ళు ఆగలేదు.

"కొన్నాళ్ళుగా ఉండాది" అన్నారు. "శెట్రుకి చెప్పొద్దు చౌడమ్మా. తెలిస్తే పుస్తకం ఎత్తి ఆ క్యాలెండరాయనకి ఇస్తాడు."

"డాక్టరుకి చూపించినారా?"

"చూపించినా. ఇది పొయ్యేది కాదంట." చెయ్యి బల్ల కింద పెట్టుకుని అన్నారు, "నెలనెలా గీసిందంతా బొరుగుల పొట్లాలకి పోయింది. ఈ ఒక్కటి అట్టలో ఉండాల. అంతే నాకు కావాల్సింది."

అంత తక్కువ కోరుకున్న మనిషిని నేను మరొకరిని చూడలేదు. ఆ రోజు నుంచి మా పని పద్ధతి మారింది. ఆయన కళ్ళు మూసుకుని నౌకలో నడిచేవారు, నేను గీసేదాన్ని. "మెట్లు దిగినా. తల తగులుతాది, కప్పు ఇక్కడ కిందికి ఉండాది. కుడిచేతి పక్క గాలి గొట్టం, పట్టుకుంటే వెచ్చగా ఉండాది." వెచ్చదనాన్ని గీయడమెలాగని అడిగితే, పక్కన తడిబట్టలు ఆరేసినట్టు గియ్యి అన్నారు. అలాగే గీశాను. నేను ఈ రంగంలో ఎంతోమందిని చూశాను. చేతిలో బొమ్మ ఉన్నవాళ్ళు చాలామంది, తలలో మొత్తం నౌక ఉన్నవాడు ఆయన ఒక్కడే.

శెట్రు మెట్లెక్కుతున్న చప్పుడు వింటే చాలు, మేష్ట్రు గబగబా ఒక స్కేలు అందుకుని, దాన్ని బొమ్మ మీద గట్టిగా అదిమి కొలుస్తున్నట్టు నిలబడేవారు. అదిమితే వణుకు కనపడదని ఆయన లెక్క. శెట్రు చూసి, లైట్ల సంగతి గుర్తుచేసి దిగిపోయేవారు.

నీళ్ళ తొట్టి

ఇప్పుడు మేము చేసిన తప్పు చెబుతాను. ముగ్గురం కలిసి చేసిన తప్పు.

పేటలో పుట్టి పెరిగినవాళ్ళు ఏది కట్టినా ముందు నీళ్ళ సంగతి చూస్తారు. మా వీధి కొళాయిలో నీళ్ళు ఎప్పుడు వస్తాయో, ఎప్పుడు పోతాయో ఆ దేవుడికే తెలియాలి. అందుకని మేష్ట్రు పినాకినిలో మొట్టమొదట పెట్టింది నీళ్ళ తొట్టి. ముక్కు దగ్గర పెట్టారు, ముక్కంతా నిండేట్టు పెట్టారు. మూర్తి సార్ కూడా సంబరపడ్డారు. ఆకాశంలో ఎదురొచ్చే దుమ్మూ ధూళీ ముందు ముక్కుకే తగులుతాయి, నీళ్ళుంటే లోపలివాళ్ళకు మంచి అడ్డం అన్నారు. శాస్త్రం కూడా కలిసొచ్చాక ఇంకేముంది. తొట్టి నుంచి వంటింటికి, స్నానాల గదికి, ఆకుకూరల మడికి గొట్టాలు ఎంత ముచ్చటగా గీశామో.

నౌక ముందుభాగం పేజీలకు అచ్చు బ్లాకులు తయారై, కాగితాలు అచ్చయి కింద దొంతర పెట్టి ఉన్నాయి. మడత బొమ్మ ఒక్కటే మిగిలింది. ఆ సాయంత్రం అది బ్లాకులు చేసేవాళ్ళకు వెళ్ళాలి. మేమంతా బల్ల చుట్టూ నిలబడి ఉన్నాం. శెట్రు వచ్చి, ఎన్నడూ లేనిది కళ్ళజోడు పెట్టుకుని, వంగి బొమ్మంతా చూశారు.

"అంతా బాగుండాది. దీన్ని నడిపేవాడు యాడ కూర్చుంటాడప్పా?"

నేను మూర్తి సార్ వైపు చూశాను. ఆయన మేష్ట్రు వైపు చూశారు. ఇన్నేళ్ళ ధారావాహికలో నాయకుడు ఆజ్ఞ ఇచ్చాడు, నౌక తిరిగింది అని రాయడమే తప్ప, ఎక్కడ కూర్చుని తిప్పారో ఆయన ఒక్కసారీ రాయలేదు. మేమూ అడగలేదు. పడుకోవడానికి, తినడానికి, పారిపోవడానికి ఎన్నిసార్లు నడిచామో, పని చెయ్యడానికి మాత్రం మా వేలు ఎవరిదీ వెళ్ళలేదు. ముక్కు దగ్గర ఉండాల్సిన మనిషి చోటులో నీళ్ళు ఉన్నాయి, ఆ నీళ్ళు అప్పుడే అచ్చయిపోయాయి.

శెట్రు నిట్టూర్చి, బల్ల మీది పెన్సిలు తీసి మేష్ట్రు ముందు పెట్టారు. "ఆ పేజీలు మళ్ళీ వెయ్యలేను. ఉండే చోట్లోనే ఏదో ఒకటి చేసి, ఇప్పుడే గీసియ్యి గోపాలప్పా. నేను ఈడే కూర్చుంటా."

మేష్ట్రు పెన్సిలు ముట్టుకోలేదు. ముట్టుకుంటే తెలిసిపోతుంది. ముట్టుకోకపోయినా తెలిసిపోతుంది. పుస్తకం ఆ పెన్సిలు మీద నిలబడి ఉందని నాకు తెలుసు. ఆయన కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదులుతున్నాయి. నౌకలో నడుస్తున్నారు.

కళ్ళు తెరిచి, "బస్సు నడిపేవాడు ముందర ఎందుకు కూర్చుంటాడు శెట్రే?" అన్నారు. "దారిలో గొడ్డూ గోదా అడ్డం వస్తాయని. ఆకాశంలో ముందర కూర్చుని చూసేదానికి ఏముండాది? లోపల మనుషులు ఎట్ల ఉండారో చూసుకోవాల. నడిపేవాడు నట్టనడుమ ఉండాల, వంటింటి పక్కన." పెన్సిలు తోసి నా ముందుకు జరిపారు. "చౌడమ్మా, నువ్వు గియ్యి. మీ ఇల్లే గదా."

నాకు అప్పుడు అర్థమైంది. మా నాయన మగ్గం గుంట. గుంట అంచున కూర్చుని పడుగులో నాడె అటూ ఇటూ విసురుతూనే ఎవరు వచ్చారో, ఎవరు వెళ్ళారో, పొయ్యి మీద ఏది మాడుతోందో అన్నీ ఆయనకు తెలిసేవి. ఇంట్లో ఎవరు ఎటు వెళ్ళాలన్నా ఆయన పక్క నుంచే వెళ్ళాలి. పినాకిని నడుమ, నడవలు కలిసేచోట ఒక గుంట గీశాను. గుంట అంచున మనిషి, లోపలికి వేలాడేసిన కాళ్ళు, కాళ్ళ కింద తొక్కే మీటలు, చేతికి అందేంత దూరంలో కాఫీ. శెట్రు ఎదురుగా కూర్చుని చూస్తుండగానే గీశాను. పూర్తయ్యాక మూర్తి సార్ తన వేలు తలుపు దగ్గర పెట్టి, గుంట దాకా నడిచి చూశారు. ఎక్కడా అడ్డం రాలేదు.

శెట్రు లేచి, బొమ్మను చుట్టి చంకలో పెట్టుకున్నారు. "పేర్లు ఎట్ల వెయ్యాల?" అని అడిగారు. "బొమ్మలు గోపాలప్ప అని వేసేస్తా."

"గీసింది చౌడేశ్వరి" అన్నారు మేష్ట్రు, నా పూర్తి పేరుతో.

"నువ్వేం చేసినావు అయితే?"

"నేను నడిచినా."

శెట్రు తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "నీ చెయ్యి సంగతి నాకు తెలీదనుకున్నావా గోపాలప్పా. ఎన్నోసార్లు స్కేలు తలకిందులు పట్టుకుని కొలుస్తాంటివి. అడిగితే పని వదిలేసి ఇంట్లో కూర్చుంటావని అడగలే." మేము ఏదైనా అనేలోపే మెట్లు దిగిపోయారు. అన్నేళ్ళు ఆ మనిషిని వెనక తిట్టినందుకు నా మనసు చివుక్కుమంది. ఆయన అచ్చువేసిన పుస్తకం మొదటి పేజీలో ఇప్పటికీ రెండే వరుసలు ఉన్నాయి. నడక: గోపాలప్ప. గీత: చౌడేశ్వరి. అలాంటి హోదా ఇంకే పుస్తకంలోనూ నేను చూడలేదు.

హెబ్బగోడి

చివరి రోజుల్లో మేష్ట్రు హెబ్బగోడిలో అక్క కొడుకు దగ్గర ఉన్నారు. బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ పని చేసే మనిషి, అద్దె గదిలో మేనమామకు కిటికీ పక్కన మంచం వేశాడు. నేను పుస్తకం తీసుకుని వెళ్ళాను. మడత బొమ్మ విప్పి ఆయన ఒడిలో పరిచాను.

ఆయన చూపుడువేలు తలుపు దగ్గర పెట్టారు. అది నిలవలేదు. కాగితం మీద ఆగలేక లేస్తోంది, పడుతోంది, మళ్ళీ లేస్తోంది. మా పద్ధతి ప్రకారం అది నడక కాదు. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన వేలు వెనక్కి తీసుకోబోయారు.

నేను నా చెయ్యి ఆయన చేతి మీద వేసి అదిమాను. ఆ వణుకు నా మోచేతి దాకా వచ్చింది. ఇద్దరం కలిసి మెల్లగా నడిచాం. తలుపు, చెప్పులు విడిచే చోటు, మెట్లు, తల తగిలే కప్పు, తడిబట్టలు ఆరేసిన వెచ్చటి గొట్టం, వంటిల్లు. గుంట దగ్గరకు వచ్చేసరికి నాకు కళ్ళు కనపడలేదు.

"చేరినామా?" అని అడిగారు.

"చేరినాం మేష్ట్రే."

"వేలు ఎత్తలే గదా?"

"ఎత్తలే."